చెప్పులకు కాపలా ఎవరు?

మా ఫిల్మ్‌నగర్‌లో సముద్రం ఒక్కటే లేదు. మిగతావన్నీ ఉన్నాయి. కోర్టు కావాలన్నా, పోలీస్ స్టేషన్ కావాలన్నా, రావిచెట్టుతో సహా రచ్చబండ కావాలన్నా ప్లైవుడ్డూ రంగులూ తెచ్చి రాత్రికి రాత్రి లేపేస్తారు. వాన కావాలంటే ట్యాంకరు పిలిపిస్తారు. సముద్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎంత పెద్ద నిర్మాతయినా సామాను సర్దుకుని బయల్దేరాల్సిందే. 1978లో ‘మరోచరిత్ర’కు విశాఖ తీరం, 2021లో ‘ఉప్పెన’కు కాకినాడ పక్కనున్న ఉప్పాడ. ఇప్పుడు కంప్యూటర్లో సముద్రాన్ని కూడా గీసేస్తున్నారనుకోండి, అది వేరే సంగతి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ వైపు దిగే రోడ్లలో ఒక అపార్టుమెంటులో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. బండరాళ్ళ మీద లేచిన ఇళ్ళు మావి. ఎండాకాలం వస్తే నీళ్ళ ట్యాంకరు వచ్చిందా లేదా అని బాల్కనీలోంచి తొంగిచూసే బతుకు. అలాంటిదాన్ని యాభై మూడో ఏట తొమ్మిదడుగుల పలక మీద బోర్లా పడుకుని, వెనకనుంచి వచ్చే అలకోసం ఎదురుచూశానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. మా వారూ నవ్వారు.

మొన్న ఫిబ్రవరిలో విశాఖ వెళ్ళాం. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి నాలుగు రోజులు సెలవు దొరికింది. రుషికొండ దగ్గర గది తీసుకున్నాం. 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చిన బీచ్ అది. మొదటి సాయంత్రం మామూలుగానే గడిచింది. అంటే ఏమిటంటే, మా వారూ అమ్మాయీ నీళ్ళలోకి దిగారు. నేను ఇసకలో తువ్వాలు పరుచుకుని మూడు జతల చెప్పులు, రెండు సెల్‌ఫోన్లు, ఒక పర్సు, అమ్మాయి కళ్ళజోడు, మిరపకాయ బజ్జీల పొట్లం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ తోచక అటూ ఇటూ చూస్తే నాలాంటివాళ్ళు బారుగా కనిపించారు. నా వయసువాళ్ళు, నాకన్నా చిన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. అందరి ముందూ చెప్పుల కుప్పలే. కాపలా కాస్తున్న మగవాడు ఒక్కడు కనిపించాడు. ఆయన కాలికి కట్టు ఉంది.

ఎవరూ మమ్మల్ని అక్కడ కట్టేయలేదు. “నువ్వూ రా” అని పిలుస్తారు కూడా. పిలిస్తే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెళ్ళి, పాదాలు తడిసేదాకా నిలబడి, ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తాం. ఫొటో ఎలా దిగుతామో గమనించారా? సముద్రానికి వీపు పెట్టి! ఆ సంగతి మళ్ళీ చెబుతాను.

ఆ రాత్రి మా అమ్మాయి, “పొద్దున ఆరున్నరకి సర్ఫింగ్ క్లాసు, ఇద్దరికీ డబ్బు కట్టేశాను” అంది. ఇద్దరంటే తనూ వాళ్ళ నాన్నా అనుకున్నాను. కాదట. నేనట! “నాకు ఈత రాదే” అన్నాను. “వాళ్ళకి చెప్పాను. రాకపోయినా ఫరవాలేదన్నారు” అంది. ఎంత కట్టిందో చెప్పలేదు. తర్వాత తెలిసింది, మా జూబ్లీహిల్స్‌లో ఒక జాకెట్టుకి మగ్గం వర్కు చేయిస్తే అయ్యేదాంట్లో సగం కూడా కాదు.

నిద్రపట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మాది తెనాలి దగ్గర పల్లె. 1982లో కార్తీక పౌర్ణమికి ఇంటిల్లిపాదీ ఎడ్లబండి, ఆపైన బస్సు ఎక్కి బాపట్ల పక్కనున్న సూర్యలంకకు సముద్రస్నానానికి వెళ్ళాం. దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికి అయిదేళ్ళే. ఆ కథలు వింటూ పెరిగిన పదేళ్ళపిల్లని నేను. మగవాళ్ళు వాళ్ళ మానాన వాళ్ళు మునకలేస్తున్నారు. ఆడవాళ్ళం చేతులు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడ్డాం. ఒక పెద్ద అల వచ్చింది. గొలుసులో ఒకరు పడితే ఏమవుతుందో మీకు తెలుసు. అందరం పడ్డాం. మా చిన్నపిన్ని చెయ్యి జారిపోయింది. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుని లేవలేక, వెనక్కి లాగుతున్న నీళ్ళతోపాటు వెళ్ళిపోతోంది. ఎక్కడినుంచి వచ్చాడో ఒక బెస్తతను, జడ అందుకుని లాక్కొచ్చి ఒడ్డున పడేశాడు. పిన్ని బతికింది. డెబ్భై దాటిన ఆవిడ ఇప్పటికీ స్నానానికి తలమీంచి చెంబుతో నీళ్ళు పోసుకోదు, షవరన్నా భయమే.

ఆ పౌర్ణమి తర్వాత మా ఇంట్లో ఒక చట్టం వచ్చింది. ఆడపిల్లలు నీళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు. మగపిల్లలకు ఆ చట్టం లేదు. ఆ మరుసటి వేసవికే మా అన్నయ్యకు నడుముకి జీలుగు బెండ్లు కట్టి కాలవలోకి తోశారు. వారం రోజుల్లో వాడికి ఈత వచ్చేసింది. “మగపిల్లాడు, ఎప్పుడైనా కాలవలో పడితే?” అన్నారు మా నాన్న. మరి నేను పడితే? ఆ ప్రశ్న అప్పుడు నాకూ తట్టలేదు. చిత్రమేమిటంటే అదే కాలవ రేవులో మా అమ్మా, పిన్నులూ, చాకలి సుబ్బమ్మత్తా రోజూ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గంటలకొద్దీ బట్టలుతికేవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు, బిందెలు ముంచుకొచ్చేవాళ్ళు. మగవాళ్ళకంటే నీళ్ళతో వాళ్ళకే ఎక్కువ పని. ఈత మాత్రం ఒక్కరికీ రాదు. నీళ్ళు తెలియనివ్వకుండా నీళ్ళంటే భయం మాత్రం పెట్టి పెంచారు మమ్మల్ని. పిన్నిని ముంచింది అల ఒక్కటే కాదు, ఈ పెంపకం కూడానని ఇన్నేళ్ళకు, రుషికొండ ఇసకలో కూర్చున్నాక అర్థమైంది.

సరే, పొద్దున్నే వెళ్ళాం. నేర్పేవాడు పాతికేళ్ళ కుర్రాడు. దగ్గరి బెస్తపాలెం వాడే. నన్ను చూసి నవ్వుతాడేమోనని బెదిరాను. నవ్వలేదు. “ఈతొచ్చా అమ్మా?” అన్నాడు. రాదన్నాను. తన అరచెయ్యి నా నడుం ఎత్తులో పెట్టి, “ఇంతకి మించి లోతుకి తీసికెల్లను. నేనాగమంటే ఆగాల. అదొక్కటే” అన్నాడు. ఒంటికి పట్టివుండే పొడుగు చేతుల చొక్కా ఒకటి, లైఫ్ జాకెట్టు ఒకటి ఇచ్చాడు. కిందకి నేను ఇంటినుంచి తెచ్చుకున్న లెగ్గింగ్సే. గాజులు, చెవులవి తీసేయమన్నాడు. తర్వాత మెడవంక చూసి తల గోక్కున్నాడు.

పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో రెండుసార్లు తీశాను పుస్తెలతాడు. రెండూ ఆస్పత్రిలోనే. చొక్కా లోపలికి తోసి పిన్నీసు పెడతానంటే, “వద్దమ్మా, పలక కింద పడ్డప్పుడు గొలుసు తగులుకుంటే మెడకే పెమాదం” అన్నాడు. మా వారివంక చూశాను. ఆయన ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపారు. రుమాల్లో చుట్టి ఇచ్చాను. ఆ తర్వాత గంటన్నరసేపు ఆ మనిషి ఆ రుమాలుని పిడికిట్లో బిగించి అదే చోట నిలబడ్డారు. కాఫీ తాగుదామని కూడా కదల్లేదట. ఆ రోజు మా చెప్పులకు కాపలా ఆయనే!

పాఠం మొదట ఇసకలోనే. పలకని ఇసకమీద పెట్టి బోర్లా పడుకోమన్నాడు. నురుగు రబ్బరుతో చేసిన మెత్తటి పలక, తగిలినా దెబ్బ గట్టిగా తగలదు. దానికో తాడు, తాడు చివర పట్టీ. ఆ పట్టీని వెనకుండే కాలి మడమకి కట్టాడు. మనం పడ్డా పలక కొట్టుకుపోకుండా. చేతులు రెండూ పక్కటెముకల దగ్గర ఆనించి, ఛాతీ ఎత్తి, ఒక్క ఊపున ముందుకాలు చేతుల మధ్యకి తెచ్చి లేవాలి. లేచాక పక్కకి తిరిగి మోకాళ్ళు వంచి నిలబడాలి. చెప్పడానికి రెండు ముక్కలు. ఇసకలో పదిసార్లు చేసేసరికి నాకు ఆయాసం వచ్చింది. నడుం పట్టేసింది. రోలు ముందు కూర్చుని లేచినన్నిసార్లు కూడా లేవలేదు, ఈ అపార్టుమెంటు జీవితంలో!

ఆ తర్వాత అసలు పాఠం చెప్పాడు. ఎలా లేవాలో కాదు, ఎలా పడాలో. “పడకుండా ఎవులూ ఉండరమ్మా. తలకిందులుగా పడకండి, కింద లోతు లేదు. వెనక్కో పక్కకో వొల్లు పరిసేసినట్టు పడండి. లేసేటప్పుడు రెండు సేతులూ తలకడ్డం పెట్టుకొని లెగండి, పలక మీ ఎనకాలే వస్తాది. మీకూ అలకీ మద్దెన పలక ఎప్పుడూ ఉంచకండి.” ఏదైనా నేర్చుకునేటప్పుడు ‘పడితే నవ్వులపాలు’ అని విన్నానేగానీ, పడడాన్ని ఒక విద్యగా ఎవరైనా నేర్పడం ఇదే మొదటిసారి. చెప్పొద్దూ, సగం భయం అక్కడే పోయింది.

మిగతా సగం నీళ్ళలోకి దిగాక గొంతులోకొచ్చింది. మోకాలిదాకా సరే. తొడలదాకా వచ్చేసరికి కాళ్ళకింద ఇసక జారడం మొదలైంది. సూర్యలంక గుర్తొచ్చింది. అతని మణికట్టు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గోళ్ళ గుర్తులు పడ్డాయి. తొందరపెట్టలేదు అతను. “అలనే సూడండి. సూసినంతసేపూ ఏటీ సెయ్యదు” అన్నాడు. ఫొటోల సంగతి మళ్ళీ చెబుతానన్నాను కదా, ఇదే. సముద్రానికి వీపు చూపించకూడదన్నది మొదటి నియమమట. అల ఎంతుందో, ఎప్పుడొస్తుందో కనబడుతుంటే కాళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి. కనబడకపోతే మోకాలిలోతు అల కూడా పడేస్తుంది. మనం చేసేదంతా దీనికి తిరకాసే.

పలక మీద పడుకున్నాను. వెనకనుంచి అతను అల చూసి ఒక్క తోపు తోసి “లెగండి” అన్నాడు. లేవలేదు. పలక పట్టుకుని బల్లిలా కరుచుకుని ఒడ్డుదాకా వచ్చేశాను. రెండోసారి మోకాళ్ళమీద లేచి పక్కకి ఒరిగాను. ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి మెదడు మండింది. పైకి చూస్తే నడుం లోతే. నిలబడితే సరిపోయే నీళ్ళలో మునిగిపోయానని చేతులు కొట్టుకున్నాను! మూడు, నాలుగు, అయిదు... అన్నీ పడడాలే. కిందకి చూస్తున్నానట. “నీల్లని సూడకండమ్మా, ఒడ్డునున్న ఆ గొడుగుని సూడండి. కిందకి సూస్తే కిందకే పడతారు.” తొమ్మిదో సారో, పదో సారో లేచి నిలబడ్డాను. మా అమ్మాయి తీసిన వీడియోలో లెక్కపెడితే నాలుగు సెకన్లు. తడిరుబ్బు గ్రైండర్ మీద చెయ్యి పెడితే వణుకుతుందే, కాళ్ళకింద పలక అలా సన్నగా వణికింది. ఒడ్డు నా వైపు నడిచొచ్చినట్టనిపించింది. అంతే. తర్వాత మళ్ళీ పడ్డాను. మర్నాడు జడ వేసుకోవడానికి చేతులు లేవలేదు. దువ్వెన మా అమ్మాయి చేతికివ్వాల్సొచ్చింది.

ఇసకలో కూర్చుని ఊపిరి పీల్చుకుంటూ ఆ కుర్రాణ్ణి అడిగాను, ఇదంతా ఎవరు నేర్పారని. “మా అయ్య తెప్పమీద ఏటకెల్లేవోడు. తెప్ప ఒడ్డుకొచ్చేటప్పుడు అలమీదే కదమ్మా వస్తాది. సిన్నప్పుడే ఎక్కేసేవోల్లం” అన్నాడు. నాలుగైదు దుంగలు కలిపి కట్టిన తెప్ప మీద విరిగే అలల్ని దాటడం మన తీరంలో తరాల నాటి విద్యే. పలకే కొత్తది. “మరి మీ అమ్మకి ఈతొచ్చా?” అని అడిగాను. అతను నావంక వింతగా చూశాడు. “ఆడోల్లు ఎందుకెల్తారమ్మా నీల్లలోకి?” అన్నాడు. వాళ్ళమ్మ నలభై ఏళ్ళుగా ఒడ్డున కూర్చుని తెప్పలకోసం ఎదురుచూసి, చేపలు గంపకెత్తుకుని అమ్మే మనిషి. సముద్రానికి ఇరవై గజాల్లో ఇల్లు. ఈత రాదు.

అప్పటిదాకా సరదాగా ఉన్న మనసు అక్కడ ఆగిపోయింది. ఎప్పుడో చదివిన లెక్క ఒకటి గుర్తొచ్చింది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది కదా. ఆ మరుసటేడు మార్చిలో ఆక్స్‌ఫామ్ సంస్థ ఒక నివేదిక ప్రచురించింది. తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన మగవాళ్ళు 146 మంది అయితే ఆడవాళ్ళు 391 మంది! దాదాపు మూడింతలు. సముద్రానికి ఆడా మగా తేడా తెలియదు. మరి ఎందుకిలా? ఆదివారం పొద్దున మగవాళ్ళలో చాలామంది వేటలోనో, వేరే పనిమీదో ఉన్నారు. లోతు సముద్రంలో ఉన్న పడవకి సునామీ అల పెద్దగా తెలియదు, ఒడ్డుకొచ్చాకే అది గోడలా లేస్తుంది. ఆ ఒడ్డున చేపలకోసం ఎదురుచూస్తున్నది ఆడవాళ్ళు. ఇళ్ళలో ఉన్నది ఆడవాళ్ళు. చంకలో పిల్లలు. ఈత రాదు, చెట్టెక్కడం రాదు. రెండూ మగపిల్లలకి ఆటల్లోనే వచ్చేస్తాయి.

ఇది చదివి, “మనం సముద్రం ఒడ్డున ఉండం కదా” అనుకునేవాళ్ళుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మనకి చెరువులున్నాయి, కాలవలున్నాయి, పుష్కరఘాట్లున్నాయి, కుటుంబంతో వెళ్ళే జలపాతాలున్నాయి, రిసార్టుల్లో ఈతకొలనులున్నాయి. ఇంకో సంగతి. మన దేశానికి సునామీ హెచ్చరికలు ఎక్కడినుంచి వెళతాయో తెలుసా? సముద్రం లేని మన హైదరాబాదు నుంచే. ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి ఆ కేంద్రం పనిచేస్తోంది. రోజువారీ అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు కూడా వాళ్ళే ఇస్తారు. బీచ్‌కి బయల్దేరేముందు హోటల్ రేట్లు చూస్తాం కదా, దాంతోపాటు అదీ ఒకసారి చూసుకుంటే పోయేదేముంది?

ఆ కుర్రాడు చెప్పిన మరో మాట ప్రతి ఇంట్లోనూ తెలియాలి. అలలు విరిగి ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి. అవి ఒక్కోచోట దారి చేసుకుని కాలవలా వడిగా వెనక్కి పోతాయి. ఆ దారిలో అలలు అంతగా విరగవు. నురుగుండదు. నీళ్ళు కాస్త ముదురురంగులో నున్నగా ఉంటాయి. చూసేవాళ్ళకి అదే నెమ్మదైన చోటులా కనిపిస్తుంది. పిల్లల్ని తీసుకుని సరిగ్గా అక్కడే దిగుతాం! ఆ లాగుడులో పడితే ఒడ్డుకేసి ఎదురీదబోయి అలిసిపోయి మునిగిపోతారు. గజ ఈతగాళ్ళయినా అంతే. ఎదురు తిరగకూడదు. తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగాలి. లాగుడు తగ్గాక అలలు విరిగేచోటునుంచి బయటికి రావాలి. తేలడమైనా రావాలిగా మరి, ఇదంతా చెయ్యాలంటే! మా పిన్నిని లాక్కెళ్ళింది ఇదేనేమో. ఆ రోజు ఒడ్డున నిలబడ్డ అంతమందిలో ఈ ముక్క తెలిసినవాళ్ళు ఆ బెస్తతను తప్ప మరెవరూ లేరు.

“ఈ వయసులో మనకెందుకమ్మా” అనేవాళ్ళకి గోలి శ్యామల గారి పేరు చెబుతాను. సామర్లకోట ఆడపడుచు. మన హైదరాబాదులోనే యానిమేషన్ రంగంలో పనిచేశారు. నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంకకూ మనకూ మధ్యనున్న పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, దాదాపు పద్నాలుగు గంటల్లో ఈదేశారు. అక్కడితో ఆగారా? 2025 జనవరి మొదట్లో, 52వ ఏట, విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు రోజుకింతని ఈదుకుంటూ వచ్చారు. నేను చెప్పులకు కాపలా కాసింది కూడా ఆ బంగాళాఖాతం ఒడ్డునే, దాదాపు ఆ వయసులోనే.

అలల మీద నిలబడడం మనవాళ్ళ పని కాదని కూడా అనుకోకండి. కర్ణాటకలో మణిపాల్‌లో చదువుకుంటూ 2007లో సర్ఫింగ్ మొదలుపెట్టిన ఇషితా మాలవీయను మన దేశపు తొలి మహిళా ప్రొఫెషనల్ సర్ఫర్ అంటారు. మహాబలిపురం బెస్తవాడలో పుట్టిన కమలి అనే అమ్మాయి ఆటలమీదా, వాళ్ళమ్మ తెగువమీదా తీసిన చిన్న డాక్యుమెంటరీ 2020లో బాఫ్టా అవార్డులకు నామినేట్ అయింది. ఆ పిల్ల ఇప్పుడు జాతీయ సర్ఫింగ్ పోటీల్లో గెలుస్తోంది. అన్నిటికంటే నాకు నచ్చిన కథ వందేళ్ళ కిందటిది. హవాయి నుంచి డ్యూక్ కహనమోకు అనే ఈతవీరుడు 1915లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పలకమీద విన్యాసాలు చూపిస్తూ, ఇసబెల్ లెథమ్ అనే పదిహేనేళ్ళ పిల్లను తన పలకమీద ఎక్కించుకుని అలమీద నిలబెట్టాడు. ఆ పిల్ల పెరిగి పెద్దయ్యాక ఏమైందో తెలుసా? ఈత నేర్పే టీచరైంది.

విశాఖ నుంచి వచ్చిన వారానికి జాకెట్లు కుట్టించడానికి మా టైలరమ్మ దగ్గరికెళ్ళాను. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక గది, రెండు మిషన్లు. ఒకప్పుడు కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాల్లో గ్రూప్ డ్యాన్సరుగా చేసింది. మోకాళ్ళు అరిగాక కుట్టుమిషన్ ఎక్కింది. నా నాలుగు సెకన్ల వీడియో చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని మూడుసార్లు చూసింది. “ఆరేడు పాటలకి సముద్రంలో దిగానమ్మా. నడుందాకా నిలబెట్టి స్టెప్పులేయించేవాళ్ళు. ఈత ఒక్కదానికీ రాదు” అంది. మరి ఎవరైనా పడితే? “కెమెరాకి కనబడకుండా ట్యూబులు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళుండేవాళ్ళు. హీరోయిన్ కోసం. మేం ఒకరి చేతులొకరం పట్టుకునేవాళ్ళం.”

మళ్ళీ అదే గొలుసు. సూర్యలంకలో పుణ్యానికి, అక్కడ పాటకి. తెరమీద ఆ పాటలు నేనూ ఇష్టంగా చూసినదాన్నే. తడిసిన చీరలు చూశాను, కదిలే నడుములు చూశాను. వాళ్ళ కాళ్ళకింద ఇసక జారుతోందేమోనన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు.

ఇద్దరం కలిసి మాకు దగ్గర్లో ఉన్న ఒక ఈతకొలనుకి వెళ్ళి అడిగాం. ఆడవాళ్ళ టైము ఉందన్నారు. మధ్యాహ్నం రెండునుంచి మూడు! ఎండ మాడు పగలగొట్టే వేళ. ఉద్యోగస్తులు రాలేరు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు రాలేరు, పిల్లల్ని స్కూలునుంచి తెచ్చుకునేవాళ్ళు రాలేరు. పొద్దున అయిదునుంచి తొమ్మిదిదాకా, సాయంత్రం నాలుగునుంచి ఎనిమిదిదాకా మగవాళ్ళకి, పోటీల పిల్లలకి. “ఆడవాళ్ళు రావట్లేదమ్మా, అందుకే ఆ టైము పెట్టాం” అన్నాడు కౌంటర్లో ఆయన. ఆ టైము పెట్టారు కాబట్టే రావట్లేదని చెబితే అర్థం కానట్టు చూశాడు. లేడీ కోచ్ ఉందా అంటే లేదు. బట్టలు మార్చుకునే గదికి గడియ ఉందా అంటే, ఉండేదట.

పొద్దున ఆరింటికి వారానికి మూడు రోజులు ఆడవాళ్ళకి ఇవ్వమని ఒక అర్జీ రాశాం. మా అపార్టుమెంటునుంచి, బస్తీనుంచి కలిపి పద్నాలుగు సంతకాలు. అందులో ముగ్గురు మా టైలరమ్మ పాత స్నేహితులు, ఆమెతోపాటు అలల్లో చేతులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు. అర్జీ ఇచ్చి పన్నెండు రోజులైంది. జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్ళీ వెళుతున్నాం. మీ ఊళ్ళో కొలనుందా? ఆడవాళ్ళకి ఏ టైము ఇచ్చారు? పిల్లల స్కూల్లో డ్యాన్సు క్లాసుంటుంది, కరాటే ఉంటుంది, ఈత మాటెవరైనా ఎత్తారా? కనుక్కుని మాకు రాయండి. ఈ పేజీలో వేస్తాం.

ఈలోగా వేసుకునే బట్టల సమస్య మా టైలరమ్మే తీర్చింది. డ్యాన్సు డ్రెస్సులకి వాడే సాగే బట్ట ఎక్కడ దొరుకుతుందో, ఏది నీళ్ళలో బరువెక్కదో ఆవిడకి తెలుసు. మోకాళ్ళ కిందిదాకా వచ్చేలా తనకొకటి, నాకొకటి, మిగతావాళ్ళకి వాళ్ళ వాళ్ళ ఇష్టప్రకారం కుడుతోంది. నిన్న కొలతలకి పిలిచింది. టేపు నా భుజానికి ఆనించి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగింది:

“చేతులు మోచేతిదాకా చాలా అమ్మా, ఇంకా పొడుగు పెట్టనా?”

“పొట్టివే పెట్టు, చేతులాడాలి కదా” అన్నాను.